బూరుగు చెట్టుకు గలీబులు

ఖలందర్ మామ కుట్టిన దిండు మీద తల పెడితే తెల్లారి లేవబుద్ధి కాదని దాచేపల్లిలో చెప్పుకుంటారు. ఆ మాట పుట్టించింది ఖలందర్ మామే. తానే పుట్టించి, తానే నలుగురి చెవిన వేసి, ఏడాది తర్వాత ఎవరో కొత్తవాళ్లు వచ్చి తనతోనే ఆ మాట అంటే, "అట్నా? నిజంగా అనుకుంటన్నారా జనం?" అని ఆశ్చర్యపోయేవాడు. ఆ ఆశ్చర్యం మాత్రం నిజమైనదే.

మనిషి పొట్టి, మాట పొడుగు. దూదేకుల ఇంట్లో పుట్టాడు కాబట్టి మీసాలు రాకముందే తండ్రి చేతిలోంచి దూది ఏకే విల్లు అందుకున్నాడు. ఆ విల్లు తీగె మీద కొయ్యతో కొడితే వచ్చే టంగుటంగు మోత మా వీధిలో కోడికూత కన్నా ముందు వినిపించేది. గడ్డంలో ఎప్పుడూ కొన్ని పోగులు చిక్కుకుని ఉండేవి. వాటిలో ఏది దూదో ఏది నెరిసిన వెంట్రుకో ఆయన భార్య మహమూదా ఒక్కతే చెప్పగలిగేది. ఆమెకు కోపం వచ్చినప్పుడు వెంట్రుకే పీకేది.

పరుపులకు పత్తి వాడినా, దిండ్లకు మాత్రం బూరుగు దూది తప్ప ఇంకోటి ముట్టనని ఆయన ఒట్టు. ఆ దూది ఎక్కడినుంచో రాదు. నా పంక్చరు షాపుకు ఎదురుగా, లారీలు ఆగే చోట, త్రికోటేశ్వరరావుగారి ఖాళీ దొడ్లో పాత బూరుగు చెట్టు ఒకటి ఉంది. ఏటా దాని కాయలన్నీ ఖలందర్ మామవి. బదులుగా త్రికోటేశ్వరరావుగారికి ఏటా ఒక కొత్త దిండు. ఆయన మా ఊరి మాజీ కరణం. ప్రభుత్వం కరణీకాలు రద్దు చేసినప్పటినుంచీ కోర్టు తీర్పు కోసం ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపులో ఆయనకు నిద్ర పట్టేది కాదు. కాబట్టి దిండు అవసరమే.

బూరుగు చెట్టు మాఘంలో ఆకులన్నీ రాల్చేసి, ఎర్రటి పూలు పూసి, కాకుల్నీ గోరింకల్నీ పిలిచి విందు చేస్తుంది. తర్వాత కాయలు. ఎండలు ముదిరేసరికి ఆ కాయలు గోధుమరంగుకి తిరిగి, గీతల వెంట చీలి, లోపలి దూదిని గాలికి వదులుతాయి. ఖలందర్ మామకు చిక్కు అక్కడే. పచ్చిగా కోస్తే దూది తడిసిన పిల్లి బొచ్చులా ముద్ద కడుతుంది. పండనిస్తే పగులుతుంది. పోనీ అన్నీ కూడబలుక్కుని ఒకేసారి పండుతాయా అంటే అదీ లేదు, దేని ముహూర్తం దానిది. పొడుగాటి దోటి పట్టుకుని, మెడ వెనక్కి వాల్చి, ఎండాకాలమంతా ఆయన ఆ చెట్టు కింద తిరిగేవాడు.

నేను చెప్పేది మండలాలు కొత్తగా వచ్చిన ఏటి సంగతి. మాకూ ఒక మండలాఫీసు వచ్చి, ఉన్న నాలుగు బోర్డులకు తోడు ఇంకో బోర్డు లేచింది. మా గ్రంథాలయంలో పాత బీరువా అడుగున నాకు చెట్ల గురించిన పుస్తకం ఒకటి దొరికింది. అట్టలేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. చదివింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు ఊపిరాడదు. మా ఊళ్లో వినేవాడు ఖలందర్ మామ ఒక్కడే. ఆయనైనా వినడం కోసం వినడు, జవాబు చెప్పడం కోసం వింటాడు.

"మామా, చెట్టు దూది ఎందుకు కాస్తదో తెలుసా?" అన్నాను ఒక మధ్యాహ్నం.

"దిండ్లకి."

"కాదు."

"పరుపులకి గూడా కుక్కొచ్చు గానీ, అణిగిపోతది రా."

"చెట్టుకి నీ దిండ్ల సంగతి తెలియదు మామా. చెట్టుకి కాళ్లు లేవు. పిల్లల్ని తన కిందే రాల్చుకుంటే ఎండంతా తనే తాగుద్ది, నీళ్లన్నీ తనే తాగుద్ది, పిల్లలు చస్తాయి. అందుకని ప్రతి చెట్టూ తన గింజల్ని ఏదో ఒక బండి ఎక్కించి దూరం పంపిస్తది. వేపపండుకి తీపి గుజ్జు పెట్టింది కాకి కోసం. కాకి మింగి, పోయి ఎక్కడో గోడ మీద కూచుని గింజ కక్కుద్ది. సర్కారు తుమ్మకాయకి తీపి పెట్టింది మేకల కోసం. ఉత్తరేణి గింజ పంచె అంచు పట్టుకుని టిక్కెట్టు లేకుండా పోతది. ఆముదం కాయ ఎండలో టప్పున పేలి గింజని తనే విసిరేస్తది. బూరుగుకీ జిల్లేడుకీ గాలే బండి. ఆ దూది గింజకి రెక్క."

ఖలందర్ మామ చేతిలో ఉన్న కాయను అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి పల్లేరో?"

"ముల్లు గదా, కాలికి గుచ్చుకుని పోతది. ఇప్పుడైతే సైకిలు టైరుకి."

ఆయన నా షాపులో వేలాడుతున్న ట్యూబుల్ని చూసి పెద్దగా నవ్వాడు. "అంటే పల్లేరు పిల్లలు సైకిలెక్కి ఊరెళ్తా ఉంటే నువ్వు మధ్యలో పీకి, ఆ డబ్బులతో అన్నం తింటన్నావు. నేనేమో బూరుగు పిల్లల రెక్కలు పీకి దిండ్లలో కుక్కుతన్నా. ఒరేయ్ ఆరోగ్యం, ఇద్దరిదీ ఒకటే పని రా. దోవన పోయేవాళ్లని ఆపి దోచుకునే పని."

నా పేరు ఆరోగ్యస్వామి. మావాళ్లు రెంటచింతల చర్చిలో పెట్టిన పేరు. ఊళ్లో అది ఎప్పుడో ఆరోగ్యం అయిపోయింది, నా బక్క ఒంటిని చూసినవాళ్లు నవ్వుకోవడానికి అనువుగా.

నవ్వాడే గానీ ఆ మాట ఆయనకు లోపల ఎక్కడో పట్టుకుంది. బూరుగు దూదిని విల్లుతో ఏకరు. గది తలుపులు మూసి, సన్నటి బెత్తాలతో కొడితే నల్లటి గింజలు కిందికి రాలుతాయి. అంతకుముందు ఆ గింజలన్నీ గానుగకి పోయేవి. ఆరోజు తర్వాత కొన్ని దోసిట్లో మిగిల్చి, నడికుడి వైపు పోయినప్పుడల్లా రైలు పట్టాల పక్కన చల్లి వచ్చేవాడు. ఎందుకయ్యా అని మహమూదా అడిగితే, "చెట్టుకి మామూలు ఇచ్చుకుంటన్నానే" అన్నాడు.

చెట్టుతో ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా మాణిక్యమ్మతో.

మాణిక్యమ్మది టిఫిను హోటలు. చెట్టు కొమ్మలు సగం ఆమె రేకుల మీదికే వంగి ఉంటాయి. సిమెంటు లారీల డ్రైవర్లంతా ఆమె దగ్గరే తింటారు. లారీలు లేపే దుమ్ము ఇడ్లీ మీద పడితే ఎవరూ ఏమీ అనరు, అది మా ఊరి ఉప్పు. బూరుగు పోగు పడితే మాత్రం గొడవే. అంతకుముందు ఏడాది ఒక డ్రైవరు చట్నీతో పాటు నోట్లోకి పోయిన పోగును జానెడు పొడుగున బయటికి లాగి, "అమ్మా, నూలు వడికిస్తే పంచె అవుద్ది" అని, మళ్లీ ఆ హోటలు గడప తొక్కలేదు. మాణిక్యమ్మ ఆ అవమానం ఏడాదంతా దాచుకుంది. ఆ ఎండాకాలం మొదటి కాయ పగలగానే త్రికోటేశ్వరరావుగారిని చెట్టు కిందికి పిలుచుకొచ్చింది.

"కరణంగారూ, నా పిండిలో ఒక్క పోగు పడినా ఊరుకోను. దీన్ని నరికించండి. అగ్గిపెట్టెల చెక్కకి బూరుగే కొంటారంట, మీక్కూడా నాలుగు డబ్బులు."

కరణం అని పిలిచిన వాళ్లకు ఆయన ఏమైనా చేస్తారు. "నరికిద్దాం" అన్నారు వెంటనే.

ఖలందర్ మామ దోటి కింద పడేశాడు. "అయ్యా, ఈ జిల్లాలో ఇట్టాంటి దూది ఇంకెక్కడా లేదు. ఈ చెట్టు పోతే నేను దిండ్లలో ఏం కుక్కాల?"

"నీ గడ్డం కుక్కు" అంది మాణిక్యమ్మ.

"అక్కా, ఈ ఒక్క ఏడు చూడు. ఒక్క పోగు నీ రేకుల మీద వాలదు. వాలితే నేనే గొడ్డలి తెచ్చిస్తా."

"ఎట్టా వాలదు? గాలికి చెప్తావా?"

"చెప్తా" అన్నాడు. ఎట్లా చెప్పాలో ఆ నిమిషానికి ఆయనకే తెలియదు.

తెలిసింది తర్వాత రోజు పొద్దున. నా షాపుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఒరేయ్, దూది తెచ్చి గలీబులో కుక్కే బదులు, గలీబే తీసుకుపోయి కాయకి తొడిగితే? కాయ పగిలేదీ గలీబులోనే, దూది పడేదీ గలీబులోనే. చెట్టే నాకు దిండ్లు కుట్టి పెడతది!"

నిజం చెప్పాలంటే నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత మంచి ఆలోచన లేదు. అందుకని ఎగతాళి చేశాను. ఆయన పట్టించుకోలేదు. పిడుగురాళ్లలో ఒక బట్టలకొట్లో జెండాలకని తెచ్చి మిగిలిపోయిన పచ్చగుడ్డ తాను చవగ్గా దొరికింది. మహమూదా మిషను ముందు కూచుని ఆ తానును చూసి ముఖం చిట్లించింది.

"పచ్చదేందయ్యా? ఇంకో రంగు దొరకలా?"

"ఆకుల్లేని చెట్టే. పచ్చగా ఉంటే కంటికి బాగుంటది."

రెండు మూరల పొడుగు సంచులు కుట్టించి, నిచ్చెన వేసి, మాణిక్యమ్మ రేకుల మీదికి వంగిన కొమ్మలన్నిటికీ గుత్తులు గుత్తులుగా తొడిగి, మూతులు నాడాలతో బిగించాడు. మిగతా కొమ్మల సంగతి దోటితో చూసుకుందామనుకున్నాడు. పని అయ్యాక దూరంగా నిలబడి చూసుకున్నాడు. ఒక్క ఆకు లేని నల్లటి చెట్టు, కొమ్మకొమ్మకీ పచ్చటి గుడ్డలు, గాలికి ఊగుతూ. "బాగుంది గదరా" అన్నాడు. బాగానే ఉంది. అక్కడే వచ్చింది ముప్పు.

మర్నాడు ఖలందర్ మామ గురజాల వెళ్లాడు. అక్కడ ఉస్మాన్ సాహెబని బియ్యం వ్యాపారి కూతురి నిఖాకి మొత్తం పరుపులూ దిండ్లూ ఈయనే కుట్టాలని కబురొచ్చింది. అదే రోజు కృష్ణ అవతలి నుంచి, మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఆదెయ్య అనే డ్రైవరు సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర లోడు దొరక్క విసిగిపోయి, మాణిక్యమ్మ హోటలుకి ఇడ్లీ తిందామని వచ్చాడు. తల ఎత్తి చెట్టును చూశాడు. చెప్పులు విడిచాడు.

"ఏ పీరు సాబు చెట్టక్కా గిది?"

మాణిక్యమ్మ పెనం మీద దోసె తిప్పుతోంది. "నన్నడుగుతావేంది? తింటావా తినవా?"

ఆదెయ్య మెడలోని చేతిరుమాలు విప్పి, అందిన కొమ్మకు ముడి వేసి, కళ్లు మూసుకుని దండం పెట్టుకున్నాడు. ఆ సాయంత్రమే అతనికి లోడు దొరికింది. ఎన్ని రోజులుగా గేటు దగ్గర పడి ఉన్నాడో, ఎటూ ఆ రోజుకి తన వంతు వచ్చేదేనేమో లెక్క చూసుకోవాలని అతనికి అనిపించలేదు. లారీ డ్రైవరుకి ఒక సంగతి తెలిస్తే, అతను ఎన్ని చోట్ల టీకి ఆగితే ఆ సంగతి అన్ని చోట్లా దిగుతుంది.

గురజాల నుంచి తిరిగొచ్చిన ఖలందర్ మామ చెట్టు దగ్గరికి పోయి, కొమ్మకు వేలాడుతున్న రుమాలు చూసి, ఎవరో ఉతికి ఆరేసి మరిచిపోయారనుకున్నాడు. విప్పి, దులిపి, ముఖం తుడుచుకున్నాడు. అవతల పసుపు కుంకాల పళ్లెం పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు గొల్లుమన్నారు.

"అయ్యయ్యో, మొక్కు గుడ్డతో ముఖం తుడుచుకుంటన్నాడే!"

"ఏం మొక్కమ్మా?"

"పీరుకి కట్టింది."

"ఏ పీరు?"

ఆ సంగతి వాళ్లకూ తెలియదు. తెలియకపోవడం వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. మా వైపు హిందువుల ఇళ్లల్లోనే పీర్లకు మొక్కేవాళ్లు ఎక్కువ. దర్గాల మీద కప్పేలాంటి పచ్చగుడ్డ కనిపిస్తే చేతులు వాటంతటవే జోడు కడతాయి. పది రోజులు తిరక్కముందే కింది కొమ్మలన్నీ రుమాళ్లు, గాజులు, చీర పేలికలు. గురువారాలూ శుక్రవారాలూ వెల్దుర్తి, రాజుపాలెం నుంచి గూడా జనం దిగుతున్నారు. మాణిక్యమ్మ ముందు విసుక్కుంది. తర్వాత ఇడ్లీ పాత్ర ఇంకోటి కొన్నది. ఆ తర్వాత చక్కెర, పుట్నాలు, అగరొత్తులు పళ్లాల్లో సర్ది హోటలు ముందు బల్ల వేసింది. ఒకరోజు ఒక పోగు సరాసరి ఆమె సాంబారులో దిగితే, గరిటెతో తీసి కళ్లకద్దుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇదంతా ఖలందర్ మామకు మొదట సరదాగానే ఉంది. సరదా తీరింది దోటి ఎత్తిన రోజు. మిగతా కొమ్మల మీద కాయలు పండాయి కదా, రాల్చుకుందామని పోయాడు. దోటి కొమ్మకు తగలకముందే నలుగురు పట్టుకున్నారు. అందరికన్నా ముందు పట్టుకున్నది మాణిక్యమ్మ.

"పీరు చెట్టు కాయలు కోస్తావా? కళ్లు పోతాయి!"

"అక్కా, నువ్వే గదా నరకమంది!"

"అప్పుడు తెలియక అన్నా. చెంపలేసుకున్నా."

ఆ సాయంత్రం ఖలందర్ మామ, మహమూదా నా షాపు ముందు బల్ల మీద కూచున్నారు. ఆయన ముఖంలో అంత దిగులు నేను ఎప్పుడూ చూడలేదు.

"నిఖా దగ్గరికొచ్చింది. బూరుగు దిండ్లని మాటిచ్చా. అవి నా గలీబులని చెప్పేస్తే ఈ జనం పోతారు. జనం పోతే మాణిక్యమ్మ మళ్లీ గొడ్డలి అంటది, చెట్టు పోతది. నోరు మూసుకుంటే చెట్టుంటది గానీ సంచుల్లోది ముట్టనివ్వరు, మిగతాదంతా గాలికి పోతది. ఏం చెయ్యాల్రా?"

"పిడుగురాళ్ల నుంచి మిల్లు దూది తెచ్చి కుక్కు" అంది మహమూదా. "పైన గలీబు చూస్తారు గానీ లోపల ఎవరు చూస్తారు?"

"మెడ చూస్తది" అన్నాడు ఖలందర్ మామ. "మిల్లు దూది దిండు మీద పడుకుని, తొల్రోజే ఆ పిల్లకి మెడ పట్టేసి, మొగుడి వైపు తిరగలేకపోతే ఆ పాపం ఎవరికి?"

"చెప్పెయ్ మామా" అన్నాను నేను. "ఇంత మూఢత్వాన్ని భరించడం కన్నా చెట్టు పోయినా నయం." అప్పటికే నేను పంక్చరుకి వచ్చినవాళ్లకు అవి దిండు గలీబులని చెప్పి చూశాను. వాళ్లు జాలిగా చూసి, నమ్మకం లేనివాడి కంటికి అట్లాగే కనిపిస్తాయన్నారు.

"నీదేం పోయింది" అన్నాడు ఆయన. "నీ పల్లేరుకి ఎవరూ మొక్కు కట్టలా గదా."

రెండు రోజులు ఆయన విల్లు మోగలేదు. మూడో రోజు శుక్రవారం. మధ్యాహ్నం దాటాక పడమట ఆకాశం ఎర్రగా దుమ్ము కట్టింది. గాలిదుమారం వస్తోందని అందరికీ తెలిసిపోయింది. అది వస్తే పండిన కాయల్లో ఒక్క పోగు మిగలదు. అప్పుడు ఖలందర్ మామ భుజాన నిచ్చెన వేసుకుని, వెనక గోతాలతో మహమూదా రాగా, జనం మధ్యలోంచి చెట్టు దగ్గరికి నడిచాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా" అన్నాడు. "ఇక్కడ పీరు లేడు. ఆ పచ్చవి నేను కట్టిన గలీబులు. మా ఆడమనిషి కుట్టింది. కుట్టు చూడండి, వంకర. ఆమె కుట్టు ఎప్పుడూ వంకరే."

"చెట్టు కింద నిలబడి నన్నంటావా" అంది మహమూదా.

జనం అంతా విన్నారు. విని, దారి ఇచ్చారు. ఒక ముసలామె దండం పెట్టి, "ఎక్కు నాయనా. పాత గుడ్డ మార్చే రోజు గావాల. చెప్పులు విడిచి ఎక్కు" అంది. ఖలందర్ మామ నా వంక చూశాడు. నేనేం చెయ్యగలను? ఆయన చెప్పులు విడిచి ఎక్కాడు. మాణిక్యమ్మ నిచ్చెన పట్టుకుని ఊపుతూ, "దిగు! నా పొట్ట కొడతావా, దిగు!" అని అరుస్తోంది. ఆయన మొదటి సంచి మూతి విప్పి, అందరికీ కనపడేట్టు తిరగేశాడు.

సరిగ్గా అప్పుడే గాలి వచ్చింది.

సంచిలోంచి దూది ఒక్కసారిగా లేచింది. పైన సంచుల్లేని కొమ్మల మీద పండి కాచుకున్న కాయలు గూడా ఆ గాలికి వరసగా విచ్చుకున్నాయి. చూస్తూ ఉండగానే లారీ టాపులు, హోటలు రేకులు, పుట్నాల పళ్లాలు, జనం తలలు, అన్నీ తెల్లబడ్డాయి. ప్రతి పోగు మధ్యలోనూ ఒక నల్లటి గింజ. గింజలు కొప్పుల్లో దిగాయి, తలపాగాల్లో దిగాయి, హైదరాబాదు పోయే లారీ మీద పట్టా మడతల్లో దిగాయి. ఖలందర్ మామ నిచ్చెన మీద నిలబడి రెండు చేతులా గాలిని పట్టుకోవాలని చూస్తున్నాడు, దొరికిన ఒకటీ అరా పోగు రొమ్ముకి అదుముకుంటున్నాడు.

ముసలామె కొంగు మీది పోగు తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఇది దూది గదే" అంది.

"అదే గదమ్మా ఇందాకటి నుంచి మొత్తుకుంటన్నా" అన్నాడు ఖలందర్ మామ పైనుంచి.

పెళ్లాన్ని వెంటబెట్టుకుని మొక్కు చెల్లించడానికి వచ్చిన ఆదెయ్య ముందుకొచ్చాడు. "దూదైతే మరి నాకు లోడెట్ల దొరికిందే?"

కొందరు చెప్పులు వేసుకున్నారు. కొందరు దండం పెట్టుకునే పోయారు. బల్ల మీద దూది కప్పిన పుట్నాలు చూసి మాణిక్యమ్మ గొంతు చించుకుంది. "కరణంగారూ! ఎక్కడున్నారు? గొడ్డలి తెప్పించండి! ఇప్పుడే, ఈ నిమిషమే!"

త్రికోటేశ్వరరావుగారు జనం వెనక నిలబడి ఉన్నారు. ఆయన మీసాల మీద గూడా ఒక పోగు వాలింది. ఖలందర్ మామ పైనుంచి ఒక కొమ్మ వైపు వంగి, ఎవరికీ తెలియకుండా లోపలి వైపుకి కట్టిన చిన్న గుడ్డముక్కను వేలితో తట్టాడు.

"అయ్యా, ఈ జరీ అంచు ఎక్కడో చూసినట్టుంది. తమరి కండువాదేనా?"

త్రికోటేశ్వరరావుగారు భుజం మీది కండువా మూల గుప్పిట్లో దాచుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, కరణీకం రోజుల గొంతుతో చెప్పారు. "కోర్టులో వ్యవహారం ఉంది. తీర్పు వచ్చేదాకా ఈ చెట్టు మీద ఎవరూ గొడ్డలి వెయ్యడానికి వీల్లేదు."

"దూదేనని తేలిపోయింది గదండీ!" అంది మాణిక్యమ్మ.

"తేలనీ. కట్టింది కట్టినట్టే ఉండాల."

"మరి కాయలు కోసుకోవచ్చా?" అన్నాడు ఖలందర్ మామ.

"కోసుకో. ఆ ముడి మాత్రం కదపమాక."

మా దేశంలో సివిలు కేసు ఎంతకాలం నడుస్తుందో తెలిసినవాడెవడైనా ఆ చెట్టుకు నిండు నూరేళ్లు ఆయుష్షు రాసి ఇవ్వొచ్చు.

పోయిన దూది పోగా, విప్పని సంచుల్లో మిగిలినదంతా ఆ రాత్రే గోతాలకెక్కింది. నిఖాకి దిండ్లయితే అయ్యాయి గానీ కాస్త పల్చబడ్డాయి. పెళ్లికొడుకు వైపు వాళ్లు అదేమని అడిగితే, కొత్త దంపతులకి ఎత్తు దిండు మంచిది కాదని ఖలందర్ మామ చెప్పాడట. ఇప్పుడు గురజాలలో గూడా అట్లాగే చెప్పుకుంటున్నారట. ఆ సంగతి ఆయనే మహమూదాతో వచ్చి, నా షాపు ముందు కూచుని ఆశ్చర్యపోతూ చెప్పాడు.

ఆయన అట్లా చెబుతుండగానే మాణిక్యమ్మ వచ్చింది. చేతిలో బేసిన్. నిండా దూది, అందులో చీపురు పుల్లలు, పుట్నాల పొట్టు. ఆయన ముందు దబ్బున పెట్టింది.

"నా రేకుల మీద ఊడ్చింది. ఇదిగో నీ చెత్త."

"నీ మేలు మరిచిపోనక్కా."

ఆమె పోలేదు. చెట్టు వైపు చూసి, తన పుట్నాల బల్ల వైపు చూసి, గొంతు తగ్గించింది. శుక్రవారం ఇంకా ఒకరిద్దరు వస్తూనే ఉన్నారంది. "రేపటేడు గూడా ఆ గలీబులు కడతావు గదా?"

"కట్టకపోతే నీ సాంబారులో పడుద్దిగా. కడతా."

"పచ్చవే కట్టు. ఓ నాలుగు పసుప్పచ్చవి గూడా కట్టరాదా? అమ్మవారికి మొక్కేవాళ్లు గూడా ఆగుతారు."

ఖలందర్ మామ లేచి నిలబడ్డాడు. "తెల్లవి కడతా! మల్లుగుడ్డ!"

"తెల్లవా? కొమ్మకొమ్మకీ శవాన్ని కట్టినట్టుంటది. నా హోటల్లో ఎవడు తింటాడు?"

"అయితే నల్లవి."

"నల్లవైతే దిష్టికని కట్టారంటారు, ఇంకా నయం" అని ఆలోచనలో పడింది మాణిక్యమ్మ.

"ముందు గుడ్డ ఎవరు కొంటారో తేల్చండి. తర్వాత రంగు" అంది మహమూదా పక్కనుంచి.

నేను ఒక సైకిలు చక్రం తిప్పుతూ పల్లేరుకాయలు ఏరుతున్నాను. వాళ్ల ముగ్గురి గొంతులూ లేస్తూనే ఉన్నాయి. చెట్టు ఉంటుందా పోతుందా అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. మాణిక్యమ్మ దూది కింద కుమ్మరించి, ఖాళీ బేసిన్ చంకన పెట్టుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, పిడుగురాళ్లలో గీతల గుడ్డ దొరుకుతుందేమో కనుక్కోమని చెప్పి పోయింది.